ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు! టోక్యోలో మంచి సుషీ కొట్టును పోల్చుకోవడం ఎలా?

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవడానికి కుండంతా కలియబెట్టనక్కరలేదు, ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలునంటారు మన పెద్దలు. జపాన్ రాజధాని టోక్యోలో మంచి సుషీ కొట్టు ఏదో పోల్చుకోవడానికి కూడా ఇదే సూత్రం పనికివస్తుందంటే ఆశ్చర్యపోకండి.

సుషీ అనగానే పచ్చి చేప గుర్తుకు వచ్చి మొహం చిట్లించేవారు మనలో చాలామంది ఉన్నారు. నిజానికి సుషీ అంటే పచ్చి చేప కాదు, పులుపు పట్టించిన అన్నం. ఒట్టి చేప ముక్కలను కోసి పళ్ళెంలో పెడితే దాని పేరు సషిమి. అన్నం ఉంటేనే సుషీ. దానిపైన పచ్చి చేప ఉండవచ్చు, ఉడికించిన రొయ్య ఉండవచ్చు, కోడిగుడ్డు అట్టు ఉండవచ్చు, లోపల దోసకాయ ముక్కైనా ఉండవచ్చు.

విశాఖపట్నానికీ జపాన్‌కూ పరిచయం నిన్న మొన్నటిది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజం మన రేవు మీదుగానే జపాన్ ఉక్కు మిల్లులకు వెళ్ళింది. కొత్తవలస-కిరండూల్ రైలు మార్గాన్ని 1960ల్లో ఆ ఎగుమతి కోసమే వేశారు. ఆ తరువాత మన రొయ్యలు కూడా అదే దారి పట్టాయి. ఇప్పుడు చదువుల కోసం, ఉద్యోగాల కోసం, ఓడ పనుల మీద మన పిల్లలు అక్కడికి వెళుతున్నారు. ఊళ్ళో దిగిన మర్నాడే వారికి ఎదురయ్యే ప్రశ్న ఇది: వేల సంఖ్యలో ఉన్న ఈ కొట్లలో ఏది మంచిది? తెలియక అడుగు పెడితే జేబు ఖాళీ కావచ్చు. అజాగ్రత్తగా వండే చోట తింటే కడుపూ చెడవచ్చు. రెండూ తప్పించుకునే మార్గాలు ఉన్నాయి.

వీధి బండి నుంచి

ఇప్పుడు పెద్ద హోటళ్ళ తిండిగా పేరుపడినా సుషీ పుట్టుక మాత్రం సామాన్యమైనది. చేపకు ఉప్పు పట్టించి, ఉడికిన అన్నంలో నెలల తరబడి మాగవేసి, పులిసిన అన్నాన్ని పారేసి చేపను మాత్రమే తినడం పూర్వపు పద్ధతి. మనవాళ్ళు ఊరగాయ పెట్టుకున్నట్టు, ఎండు చేపలు దాచుకున్నట్టు, అది చేపను నిలవ చేసుకునే ఉపాయం. బివా సరస్సు ప్రాంతంలో 'ఫునాజుషి' పేరుతో అటువంటి చేప నేటికీ దొరుకుతుంది.

కాలక్రమేణా అన్నం పారేయడం మాని దానినీ తినడం మొదలుపెట్టారు. పులిసేదాకా ఆగే ఓపిక లేనివారు అన్నంలో వెనిగర్ కలపసాగారు. 1820ల్లో ఎడో పట్టణంలో, అంటే నేటి టోక్యోలో, హనాయా యోహెయ్ అనే వ్యాపారి పులుపు అన్నాన్ని పిడికిట్లో ఒత్తి, పైన చేప ముక్క అద్ది, అప్పటికప్పుడు చేతికి అందించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడని చెబుతారు. అదే 'నిగిరి' సుషీ. వీధి బండి ముందు నిలబడి రెండు ముక్కలు నోట్లో వేసుకుని పనికి పోయేవారి తిండి అది. అప్పటి ముక్క ఇప్పటి ముక్క కంటే బాగా పెద్దది కూడా.

ఆనాడు మంచు గడ్డలు లేవు. అందుకని ఎదుటి అఖాతంలో పట్టిన చేపకు ఉప్పు, వెనిగర్ పట్టించేవారు. కొన్నింటిని ఉడికించేవారు, కొన్నింటిని సోయా సాస్‌లో నానబెట్టేవారు. ఈ పద్ధతికి 'ఎడోమాయె' అని పేరు, ఎడో ముంగిట అని అర్థం. 1923లో వచ్చిన పెను భూకంపంలో టోక్యో నేలమట్టమైనప్పుడు సుషీ పనివారు చాలామంది తమ స్వస్థలాలకు వెళ్ళిపోయారు. వారితోపాటే ఈ పద్ధతి దేశమంతటా పాకింది.

అన్నమే అసలు పరీక్ష

సుషీ అన్నం కలపడం చూస్తే మన ఇళ్ళలో పులిహోర కలపడం గుర్తుకు రాక మానదు. వేడి వేడి అన్నాన్ని వెడల్పాటి చెక్క తొట్టెలో ఆరబోసి, వెనిగర్, ఉప్పు, పంచదార కలిపిన నీటిని చిలకరించి, మెతుకు చితక్కుండా అట్లకాడ వంటి చెక్కతో కోసినట్టు కలుపుతారు. విసనకర్రతో విసురుతూ ఆరబెడతారు. పులిహోర ముద్దయిపోతే ఇల్లాలికి ఎంత చిన్నతనమో, సుషీ అన్నం ముద్దయిపోతే ఆ పనివాడికీ అంతే.

ఈ అన్నాన్ని సుషీ కొట్లలో 'షరి' అంటారు. బుద్ధుని అస్థికలను సంస్కృతంలో 'శరీర' ధాతువులు అంటారు కదా, ఆ మాటే బౌద్ధంతోపాటు జపాన్ చేరి 'షరి' అయింది. తెల్లగా మెరిసే బియ్యపు గింజలు ఆ పవిత్ర ధాతువులను పోలి ఉన్నాయని ఆ పేరు వచ్చిందంటారు. బావికొండ, భట్టిప్రోలు స్తూపాల్లో ధాతువుల కరండాలు దొరికిన నేల మీద ఉన్న మనకు ఈ మాట దూరమైనది కాదు.

అందువల్ల కొట్టులో కూర్చున్నాక ముందు అన్నాన్ని పరీక్షించండి. అది ఒంటి వేడి మాత్రంగా ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసినట్టు చల్లగా, గట్టిగా ఉంటే ఆ కొట్టు గురించి ఇక ఆలోచించనక్కరలేదు. ముక్కను చేతిలోకి తీసుకుంటే విడిపోకూడదు, నోట్లో పెట్టుకుంటే మాత్రం మెతుకు మెతుకూ విడిపోవాలి. పులుపు, ఉప్పు నాలుకకు తెలియాలి కాని చేప రుచిని మింగేయకూడదు. కొన్ని పాతకాలపు కొట్లలో అన్నం కాస్త గోధుమ రంగులో ఉంటుంది. పాడైపోయిందని కంగారు పడకండి. సాకే అనే బియ్యపు మద్యం తీయగా మిగిలిన పిప్పిని ఏళ్ళ తరబడి మాగబెట్టి తీసే ఎర్ర వెనిగర్ రంగు అది.

బియ్యం తిని పెరిగిన మనవాళ్ళకు ఈ పరీక్ష ఒకరు నేర్పనక్కరలేదు. చేపల పేర్లు తెలియకపోయినా, భాష రాకపోయినా అన్నం మంచి చెడ్డలు మనకు తెలుసు.

చిన్న చేప చెప్పే నిజం

రెండో పరీక్ష చేపలో ఉంది. అయితే ఖరీదైన చేపలో కాదు, చవక చేపలో. 'కొహదా' అని మన కవళ్ళను పోలిన వెండి రంగు చిన్న చేప ఒకటి ఉంది. దీనిని ఉప్పులో ఎంతసేపు ఉంచాలో, వెనిగర్‌లో ఎంతసేపు ముంచాలో ఆనాటి చేప కొవ్వును బట్టి, వాతావరణాన్ని బట్టి పనివాడే తేల్చుకోవాలి. కాస్త ఎక్కువైతే పులుపు, తక్కువైతే నీచు. కొనుగోలులో డబ్బు పోసి మంచి ట్యూనా తేవచ్చు కాని, కొహదాను డబ్బు పోసి బాగు చేయలేరు. కనుక తిండి తెలిసినవారు ముందు దానినే అడుగుతారు. 'తమాగో' అనే కోడిగుడ్డు అట్టు కూడా ఇటువంటి పరీక్షే.

'ఇవాళ పట్టిన చేప' అన్న మాటకు మోసపోవద్దు. ట్యూనాను, అంటే మన జాలరులు సూర అనే చేపను, దూర సముద్రాల్లో పట్టి ఓడలోనే మైనస్ 60 డిగ్రీల చలిలో గడ్డ కట్టిస్తారు. జపాన్‌లో తినే ట్యూనాలో చాలా భాగం అలా వచ్చిందే. పెద్ద చేపలను మంచులో కొద్ది రోజులు ఉంచితేనే రుచి వస్తుందని పనివారి అనుభవం. చేప ఎప్పుడు పట్టారన్నదాని కంటే పట్టాక ఎలా చూసుకున్నారన్నదే ముఖ్యం.

రుచులు కాలంతో మారతాయన్నదానికి రెండు ఉదాహరణలు. ట్యూనా పొట్ట భాగం, 'తోరో', ఇప్పుడు అన్నింటికంటే ఖరీదైన ముక్క. ఒకప్పుడు దానిని నిలవ ఉండదని, జిడ్డు ఎక్కువని ఎవరూ లెక్క చేసేవారు కాదు. ఇక సాల్మన్ సుషీ జపాన్ సంప్రదాయమే కాదు. పురుగు భయం వల్ల జపాన్ వారు సాల్మన్‌ను పచ్చిగా తినేవారు కారు. 1980ల మధ్యలో నార్వే దేశం తమ పెంపకపు సాల్మన్‌ను పచ్చిగా తినవచ్చునని ఏళ్ళ తరబడి ప్రచారం చేసి అలవాటు చేసింది.

ఏ పేటలో ఏముంది?

చేపకు పుట్టిల్లు మార్కెట్టు. ప్రపంచ ప్రసిద్ధమైన త్సుకిజి చేపల మార్కెట్టు 1935 నుంచి నడిచి 2018 అక్టోబరు 6న మూతపడింది. అదే నెల 11న అఖాతం ఒడ్డునే కట్టిన టొయోసు మార్కెట్టు మొదలైంది. యురికామోమె రైలులో షిజో-మాయె స్టేషనులో దిగితే ఎదురుగా అదే. తెల్లవారుజామున జరిగే ట్యూనా వేలంపాటను పై అంతస్తు అద్దాల వెనుక నుంచి చూడవచ్చు. 2019 కొత్త సంవత్సరం తొలి వేలంలో 278 కిలోల ట్యూనా ఒక్కటి 33 కోట్ల 36 లక్షల యెన్లు పలికింది. అది ప్రచారం కోసం పెట్టిన ధర అనుకోండి, మామూలు రోజుల్లో అంత ఉండదు.

త్సుకిజిలో పేరుబడ్డ సుషి-దాయ్, దైవా-జుషి కొట్లు కూడా మార్కెట్టుతోపాటే టొయోసుకు తరలివెళ్ళాయి. వాటి ముందు పొద్దు పొడవకముందే వరస కడతారు. పాత త్సుకిజిలో వేలం లేకపోయినా, బయటి బజారు మాత్రం అలాగే ఉంది. చిన్న చిన్న సుషీ కొట్లు అక్కడ వరసగా కనిపిస్తాయి. ఒక హెచ్చరిక: ఆదివారాలు, పండుగలు, చాలా బుధవారాలు టొయోసుకు సెలవు. మంచి కొట్లు కొన్ని ఆ రోజుల్లో మూసేస్తాయి. కనుక వెళ్ళేముందు మార్కెట్టు సెలవులు చూసుకోండి.

పాతదనం చూడాలనుకునేవారు కండా పేటలోని ససమాకి కెనుకి-సుషీకి వెళ్ళవచ్చు. ఆ కొట్టు 1702 నాటిది. ఘాటైన వెనిగర్ పట్టించిన సుషీని వెదురు ఆకులో చుట్టి ఇస్తారు. చేప ముళ్ళను పట్టకారుతో ఏరివేసేవారు కనుక ఆ పేరు వచ్చింది. అసకుసాలో బెంతెన్‌యామా మియాకో-జుషి 1866లో, నిహోంబషిలో యోషినో-జుషి 1879లో మొదలయ్యాయి. 'తోరో' అన్న పేరు పుట్టింది ఈ యోషినో కొట్టులోనే అంటారు. గింజాలో క్యూబే 1935 నాటిది. నాచు రేకును గోడలా చుట్టి లోపల చేప గుడ్లు నింపే 'గుంకన్' సుషీని 1941లో ఇక్కడే కనిపెట్టారని ప్రతీతి.

ఇక జిరో ఓనో మాట. 1925లో పుట్టిన ఈయన గింజాలో ఒక ఆఫీసు భవనం కింది అంతస్తులో పది మంది పట్టే కొట్టు నడిపి ప్రపంచ ఖ్యాతి పొందాడు. 2014 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు ఒబామాను ప్రధాని అబే అక్కడికే విందుకు తీసుకువెళ్ళాడు. మూడు నక్షత్రాలు ఇచ్చిన మిషెలిన్ గైడు 2019లో ఆ కొట్టును జాబితా నుంచి తీసేసింది. రుచి తగ్గి కాదు, మామూలు జనానికి అక్కడ చోటు దొరకడం లేదని. అన్నింటికంటే పేరున్న కొట్టు మీకు అన్నింటికంటే మంచి కొట్టు కాకపోవచ్చునన్నమాట.

చేతిలో డబ్బు తక్కువగా ఉన్న విద్యార్థులు చిన్నబుచ్చుకోనక్కరలేదు. ఒసాకా ప్రాంతంలో యోషియాకి షిరాయిషి అనే వ్యాపారి, బీరు ఫ్యాక్టరీలో పట్టాపై సాగిపోయే సీసాలను చూసి, 1958లో తిరిగే పట్టా మీద సుషీ పళ్ళేలు పెట్టాడు. సామాన్యుడికి సుషీని మళ్ళీ దగ్గర చేసింది అదే. పళ్ళెం రంగును బట్టి ధర. 2023లో ఒక కుర్రాడు అటువంటి చోట సోయా సీసాను నాకిన వీడియో పెద్ద గొడవ అయింది. ఆ తరువాత చాలా చోట్ల పళ్ళేలు తిప్పడం మాని, తెర మీద నొక్కి అడిగిన వారికే పంపుతున్నారు. ఒక రకంగా మేలే జరిగింది. పట్టా మీద తిరిగి తిరిగి ఎండిపోయిన ముక్క తినే బాధ తప్పింది.

జేబుకు చిల్లు పడకుండా

ధర రాయని కొట్లున్నాయి. పలక మీద ధర ఉండవలసిన చోట 'జికా' అని ఉంటే ఆనాటి మార్కెట్టు ధర అని అర్థం. అడగకుండా తినకండి. 'ఒమకసె' అంటే ఏం పెట్టాలో పనివాడికే వదిలేయడం. గొప్పదే కాని, ఎంత అవుతుందో ముందే తెలుసుకోవాలి. 'ఒకిమారి' అంటే ధర కట్టిన సెట్టు, మొదటిసారి వెళ్ళేవారికి ఇదే క్షేమం. రాత్రి మోయలేని ధరలున్న కొట్లు చాలావరకు మధ్యాహ్నం భోజనం తక్కువకు పెడతాయి. అదే చేప, అదే చెయ్యి. బక్షీసు ఇచ్చే ఆచారం లేదు.

చేతితో తినడం మోటు అనుకోనక్కరలేదు, నిగిరిని చేతితో తినడం అక్కడ పద్ధతే. సోయా సాస్‌లో అన్నం వైపు ముంచకండి, చేప వైపు అద్దండి. పక్కనుండే తీపి పులుపు అల్లం ముక్కలు ఒక రకానికీ మరో రకానికీ నడుమ నోరు శుభ్రం చేసుకోవడానికి, సుషీ మీద వేసుకోవడానికి కాదు. ముక్క ముందు పెట్టగానే తినేయాలి. అత్తరు పూసుకు వెళితే పక్కవారికి చేప వాసన తెలియదని నొచ్చుకుంటారు. చాలాచోట్ల పచ్చగా పెట్టే వసాబి నిజానికి రంగు కలిపిన వేరే దుంప. అసలు వసాబి వేరును ఎదుటే అరగదీసి పెట్టారంటే ఆ కొట్టుకు ఒక మార్కు ఎక్కువ వేయండి.

పురుగు మాట మరవొద్దు

ఇక కడుపు సంగతి. సముద్రపు చేపల్లో, ముఖ్యంగా కానాగంతల జాతి చేపల్లో, స్క్విడ్‌లో 'అనిసాకిస్' అనే సన్నని తెల్లటి పురుగు ఉంటుంది. చేప పేగుల్లో ఉండే ఈ పురుగు, చేప చచ్చాక కండలోకి పాకుతుంది. పచ్చిగా తిన్నవారికి కొద్ది గంటల్లోనే పొట్టలో భరించరాని నొప్పి వస్తుంది. జపాన్‌లోనే ఏటా కొన్ని వందల సంఘటనలు నమోదవుతున్నాయి. వెనిగర్, ఉప్పు, వసాబి ఆ పురుగును చంపవు. బాగా ఉడికించాలి, లేదా మైనస్ 20 డిగ్రీల చలిలో కనీసం 24 గంటలు ఉంచాలని జపాన్ ఆరోగ్య శాఖ సూచన. వారం రోజులు ఉంచాలన్నది అమెరికా నిబంధన. గర్భిణులు, రోగ నిరోధక శక్తి తగ్గినవారు పచ్చి చేప జోలికి పోకపోవడమే మంచిది.

మంచి కొట్టులో పనివాడు చేప రాగానే పేగులు తీసేస్తాడు, కోసేటప్పుడు వెలుతురుకు పట్టి చూస్తాడు. మీ ఎదుటే చెక్క తుడిచి, కత్తి కడిగి, చేతులు కడిగి మళ్ళీ పనిలోకి దిగుతాడు. కొట్టులోకి అడుగు పెట్టగానే నీచు వాసన కొడితే అక్కడి నుంచే వెనక్కు తిరగండి. శుభ్రమైన సుషీ కొట్టులో వెనిగర్ వాసన తప్ప మరొకటి రాదు.

శాకాహారులకూ చోటుంది

చేప ముట్టనివారు స్నేహితులతో వెళ్ళి ఆకలితో రానక్కరలేదు. దోసకాయ పెట్టి చుట్టిన 'కప్పా-మాకి' ఉంది. 'కంప్యో-మాకి' అని మరొకటి ఉంది. కంప్యో అంటే ఏమిటో అనుకునేరు, సొరకాయ! సొరకాయను పొడవైన పట్టీలుగా చెక్కి, ఎండబెట్టి, సోయా సాస్, పంచదారలో ఉడికించి లోపల పెడతారు. మన సొరకాయ ఒరుగులే అక్కడ సుషీ ఎక్కాయి. అయితే కొన్ని చోట్ల దానిని చేప రసంలో ఉడికిస్తారు కనుక ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇక్కడా అదే పరీక్ష

ఇప్పుడు హైదరాబాదు వంటి మన నగరాల్లోనూ సుషీ వడ్డించే హోటళ్ళు వెలిశాయి. సరదాపడి వెళ్ళేవారు రెండే ప్రశ్నలు అడగాలి. చేప ఎక్కడిది? దానిని ఎన్ని డిగ్రీల చలిలో, ఎన్ని రోజులు ఉంచారు? ఈ ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పే చోట తినండి. విసుక్కునే చోట ఉడికించిన రొయ్య సుషీతో సరిపెట్టుకోండి. రేవు ఒడ్డున మిలమిలలాడే చేప కనపడింది కదా అని ఇంట్లో పచ్చిగా కోసి ప్రయోగం చేయవద్దు. ఇంటి ఫ్రిజ్ పై అర ఆ పనికి చాలదు. చెరువు చేప, కాలువ చేప సంగతి చెప్పనే అక్కరలేదు, వాటిని ఎట్టి పరిస్థితిలోనూ పచ్చిగా తినరాదు.

మన జాలరులు కూడా ఈ కథలో ఒక మాట గుర్తుపెట్టుకోదగినది ఉంది. టోక్యోలో ముక్కకు పలికే ధర కొట్టులో పుట్టింది కాదు. పడవలోకి చేప పడిన క్షణం నుంచి దాని రక్తం తీసి, మంచులో పెట్టిన చేతుల్లో పుట్టింది. ఎండలో పడి ఉన్న సూరకు, వలలోంచి నేరుగా మంచులోకి వెళ్ళిన సూరకు ధరలో తేడా ఎందుకో రేవులో పాటదారులను అడిగితే చెబుతారు.

టోక్యో వెళ్ళే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చివరగా ఒక మాట. బోర్డు చూడకండి, నక్షత్రాలు లెక్కపెట్టకండి. ధర అడిగి కూర్చోండి, ఒక కొహదా, ఒక గుడ్డట్టు తెప్పించుకోండి. చేప కింద ఉన్న అన్నాన్ని నాలుక మీద పెట్టుకుని ఒక్క క్షణం ఆగండి. మంచి కొట్టో కాదో ఆ మెతుకే చెబుతుంది.